నా నేటివ్ జగిత్యాల

ఇద్దరు తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మీ నేటివ్ ఏది?" అడిగినవాడికి కావలసింది చాలాసార్లు ఊరు కాదు. ఊరి పేరు పట్టుకుని ఇంటిపేరుకీ, ఇంటిపేరు పట్టుకుని కులానికీ చేరడం వాడి ఉద్దేశం. అందుకే నేను ఊరి పేరు ఒక్కటే చెప్పి నోరు మూసుకుంటాను. ఎంతో ఆలోచించి అలవరచుకున్న ఆ పద్ధతే నన్ను దుబాయ్‌లో ఒక విశ్వవిద్యాలయం తరగతిలో ఆదివాసిని చేసింది.

కరోనా కొంచెం సర్దుకుని, క్లాసులు ఇంకా ల్యాప్‌టాప్‌లోనే నడుస్తున్న రోజులవి. జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ట్రైనర్‌ని. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో, ఫోర్క్‌లిఫ్ట్ వెనకాల ఎందుకు నిలబడకూడదో, ముందు నిమ్మకాయ కట్టినంత మాత్రాన బ్రేకులు ఎందుకు పడవో కొత్తగా వచ్చినవాళ్లకి హిందీలో చెప్పడం నా ఉద్యోగం. ఎప్పుడో ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేద్దామని ఒక విదేశీ విశ్వవిద్యాలయం దుబాయ్ శాఖలో చేరాను. చివర్లో ఒక్క పాఠం మిగిలింది. నచ్చింది తీసుకోవచ్చన్నారు గానీ, మా షిఫ్టుకి కుదిరింది ఒక్కటే: ఆదివాసుల సంస్కృతులు, సమకాలీన సమస్యలు.

అదే కారణంతో, అదే పాఠంలో నాతోపాటు ఇంకొకడు చేరాడు. అల్ కుసైస్‌లో నా గదిలోనే ఉంటాడు, ఫ్రీ జోన్ గోదాములో సరుకు లెక్క చూస్తాడు. నాకంటే కొంచెం చిన్న. ఉట్నూరు వైపు గోండు. ఆ సంగతి ఇక్కడ నా ఒక్కడికే తెలుసు. మిగతా అందరికీ అతను ఆదిలాబాద్ మనిషి, అంతే. నన్ను అన్నా అంటాడు. కోపం వస్తే సేఫ్టీ సారూ అంటాడు.

మొదటి రోజు అందరూ పరిచయం చేసుకోవాలి. మేడమ్ ఇంకా దుబాయ్ చేరలేదు, మహాసముద్రం అవతల తన దేశంలోనే కూర్చుని పాఠం చెబుతోంది. నా వంతు వచ్చింది. "గుడ్ ఈవెనింగ్ మేడమ్. మై నేటివ్ ఈజ్ జగిత్యాల" అన్నాను.

ఆమె దేశంలో నేటివ్ అంటే ఊరు కాదు. ఆ నేల మీద అందరికంటే ముందు ఉన్న మనుషులు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "మీరు మా మధ్య ఉండటం మాకు గౌరవం" అంది. జగిత్యాలకి ఇన్నాళ్లకి ఒక గుర్తింపు దొరికిందని నేను సంతోషించాను.

మావాడు కెమెరా ఆపుకుని "వేర్‌హౌస్. ఆదిలాబాద్" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రెండో వారం మేడమ్ ఎంతో మర్యాదగా అడిగింది, "మీ ప్రజల పేరు మాతో పంచుకుంటారా?" అని. నా చెవికి అది కులం అడిగినట్టే వినిపించింది. కుర్రతనంలో మా ఊరి గ్రంథాలయం మేడ మీద వాదసభల్లో పెరిగినవాణ్ణి. ఎవరు అడిగినా కులం చెప్పనని అక్కడే ఒట్టు పెట్టుకోకుండా నిర్ణయించుకున్నాను, ఒట్లంటే కూడా నమ్మకం లేదు గనక. "నాకు కులం లేదు మేడమ్. మతం లేదు. ఇంటిపేరు కూడా మా నాన్నే తీసేశాడు" అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "విన్నారు కదా," అంది తరగతితో, "చివరికి పేరు కూడా మిగలనివ్వలేదు."

అప్పటికి నాకు వ్యవహారం అర్థమైంది. మూడో వారం సూటిగా చెప్పేశాను. నేను ఆదివాసిని కాను, నేటివ్ అంటే మా దగ్గర సొంత ఊరని అర్థం, పొరపాటు జరిగింది అన్నాను. ఆమె అంతా ఓపిగ్గా విని తల ఊపింది. "చాలామంది మొదట అలాగే అంటారు. కాదనడం కూడా ఆ గాయంలో భాగమే" అంది.

అవునంటే అవును, కాదంటే ఇంకా అవును! నాకు ఒళ్లు మండింది. ఈ తర్కం నేను ఎరగనిది కాదు. దయ్యం పట్టిందని కూర్చోబెట్టిన పిల్ల "నాకేం పట్టలేదు" అంటే, "చూశారా, లోపలున్న దయ్యమే అలా పలికిస్తోంది" అనే భూతవైద్యుడి తర్కం. అలాంటివాళ్లని సభల్లో నిలదీసినవాణ్ణి నేను. ఏ రుజువూ కూల్చలేని మాట జ్ఞానం కాదని గొంతు చించుకుని చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నేనే అయి కూర్చున్నాను.

మాటలతో కానిది ప్రయోగంతో అవుతుందనుకున్నాను. మా వాదసభల్లో నేను నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించేవాణ్ణి. స్వాములు మహిమ అని చూపించేది ఎవరైనా చేయగలరని చెప్పడానికి. నాలుక తడిగా ఉండాలి, వేడి తగలగానే నోరు మూసెయ్యాలి, లోపల గాలి అందక మంట ఆరిపోతుంది. నేను ఎలాంటివాణ్ణో మేడమ్‌కి చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన దారి తోచలేదు. మా వీధి సూపర్‌మార్కెట్‌లో అగరొత్తుల అరలో కర్పూరం దొరికింది. మలయాళీ క్యాషియర్ "పూజ హై క్యా భాయ్?" అన్నాడు. "పూజకి వ్యతిరేకంగా" అని హిందీలో చెప్పబోయి, వెనకాల క్యూ చూసి మానేశాను.

తరగతిలో అనుమతి అడిగాను. మేడమ్ ఇచ్చింది. అగ్గిపుల్ల గీస్తూ మాట్లాడటం మొదలుపెట్టాను. ఇందులో దేవుడు లేడు, దయ్యం లేదు, ఉన్నదల్లా కాస్త ఉమ్మి, కాస్త ప్రాణవాయువు అన్నాను. మనిషిని భయపెట్టే ప్రతి మంట వెనకా ఒక మామూలు కారణం ఉంటుందన్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. కర్పూరాన్ని నాలుక మీద పెట్టుకున్నాను, మంట అందరికీ చూపించాను, నోరు మూశాను.

తెర మీద చిన్న చిన్న గళ్లలో ముఖాలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. మేడమ్ కళ్లు మూసుకుని ఉంది. నా ఫోన్ మోగింది. పక్క మంచం మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మావాడు మెసేజ్ పంపాడు: "అన్నా, మ్యూట్ల ఉన్నవ్."

అగ్గిపెట్టె తీసేటప్పుడు ఏదో నొక్కుకుపోయింది. నా ఉపన్యాసం ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. వాళ్లు చూసింది ఒక మనిషి పెదవులు కదుపుతూ నిప్పు మింగడం. "ఇది ఎవరూ రికార్డు చేయలేదనుకుంటాను," అంది మేడమ్, గొంతు తగ్గించి. "ఇలాంటిది బయటివాళ్ల ముందు చేయడానికి ఎంత నమ్మకం కావాలో నాకు తెలుసు."

క్లాసు అయిపోయాక మావాడు మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

"ఏం మంత్రం సదివినవన్నా? పెదువులు మస్తుగ ఊపినవ్!"

"నోరు ముయ్. వచ్చే క్లాసుల ఒక్కటే మాట చెప్త. నేను గాదు, అసలు గోండు నా పక్క మంచం మీదనే ఉన్నడు, ఏమన్న అడిగేదుంటె ఆయన్ని అడుగుర్రి అని చెప్త. ఖలాస్."

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. లేచి కూర్చున్నాడు.

"చెప్పకన్నా."

"ఎందుకు? సిగ్గయితుందా?"

"సిగ్గెందుకు? నువ్వు నిప్పు మింగితె నాకు సిగ్గయింది గని, నేను గోండునంటె నాకేం సిగ్గు?" ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాడు. "నేను హాస్టల్ల సదువుకున్న. ఎవలచ్చినా మేమే ఆడాలె. ఆఫీసర్ అచ్చినా ఆడాలె, బ్యాంకోళ్లు అచ్చినా ఆడాలె. నెమలీకల టోపీ తెచ్చి నెత్తిమీద పెడుదురు, డప్పు కొడుదురు. పరీచ్చ సదువుకుంటుంటె గూడ లేపుకపోయిన్రు. ఓపారి బోర్ మోటర్ ఓపెనింగ్‌కు ఆడిచ్చిన్రు. మోటర్ నడ్వలే. మేమే పొద్దుగూకేదాక నడ్సినం."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

"దండారి పండుగకు మా ఊర్ల నేనే ఏస్త గుస్సాడి వేషం. గదే టోపీ. గది మొక్కు. గప్పుడు ఎయ్యమని నాకెవ్వలు చెప్పరు. గని మోటర్‌కు ఎయ్య. కాలేజ్ డేకు ఎయ్య. ఈడికచ్చినంక నన్ను ఎవ్వడు ఆడమనలే అన్నా. గోదాంల నేను స్టాక్ మనిషిని. క్లాసుల స్టూడెంట్‌ని. మేడం మంచిదే. గని ఆమెకు ఎర్కయిందనుకో, ఇగ నేను పేపర్ రాసుడుండది. నామీద పేపర్ రాస్తరు."

"నీ పేపర్ దేనిమీద?"

"ఫోర్క్‌లిఫ్టులకు నిమ్మకాయలు కట్టే మైదానపోళ్ల ఆచారాల మీద."

నేను చాలాసేపు అతని ముఖంలోకి చూశాను. అది హాస్యం కాదు. అప్పటికే సగం రాశాడు.

"నీ మొక్కు మీద నాకు చాన ప్రశ్నలున్నయ్" అన్నాను.

"ఉంటయ్, నువ్వు ఊకుంటవా? ఎన్నొద్దులైనా కొట్లాడుదాం. వాళ్ల ముందట గాదు."

నేను అబద్ధం చెప్పను. అది నా నియమం. కానీ నిజం చెప్పేశాను, ఒకసారి మాటతో, ఇంకోసారి మంటతో. వినలేదు. వినని నిజాన్ని ఇంకోసారి చెప్పాలన్న నియమం ఏదీ లేదు. ఆ కుర్చీలోంచి నేను దిగితే అందులో అతన్ని కూర్చోబెడతారు. ఎన్నో ఫోర్క్‌లిఫ్టుల నుంచి నిమ్మకాయలు తెంపి పారేసినవాణ్ణి, ఈ ఒక్క నిమ్మకాయని తెంపకుండా వదిలేశాను. అది నేనే.

చలికాలానికి మేడమ్ దుబాయ్ వచ్చింది. క్లాసులు భవనంలోకి మారాయి. నా పక్క కుర్చీలో ఓడరేవు ఆఫీసులో పనిచేసే ఒక లోకల్ యువకుడు కూర్చునేవాడు. లోకల్ అంటే ఇక్కడ ఈ దేశపు పౌరుడు. కాళ్లదాకా దిగే అతని తెల్లటి కందూరా మీద ఒక ముడత ఉండేది కాదు. వాళ్ల నాన్నకి గ్యారేజీ ఉండటంతో హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు.

ఆఖరి క్లాసుకి ఒక అతిథిని, బయటివాళ్లని కూడా పిలిచారు. ముందు వారం మేడమ్ నా దగ్గరికి వచ్చింది.

"మా దేశంలో ఏ సభైనా మొదలయ్యే ముందు ఆ నేల అసలు మనుషుల్లో ఒకరు అందరికీ స్వాగతం చెబుతారు. మీరు చెప్పాలి."

"ఏ నేలకి మేడమ్?"

"ఈ నేలకి."

"ఇది నా నేల కాదు."

"నేల ఎవరిదీ కాదు. అది మాకు నేర్పింది మీవాళ్లే కదా" అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

పక్కకి తిరిగి ఆ లోకల్‌ని అడిగాను. "నీ నేల. నువ్వు కదా స్వాగతం చెప్పాల్సింది?"

అతను పాఠ్యప్రణాళిక కాగితం తిప్పి చూపించాడు. "భాయ్, సిలబస్ మే మేరా నామ్ నహీ హై." సిలబస్‌లో తన పేరు లేదట. తర్వాత కిటికీలోంచి పార్కింగ్ వైపు వేలు పెట్టి, ఆ కార్లున్నచోటే వాళ్ల తాత ఒంటెల్ని కట్టేవాడని చెప్పాడు. "మాఫీ ముష్కిల్. తుమ్ బోలో, మై సునూంగా." ఇబ్బందేం లేదు, నువ్వు చెప్పు, నేను వింటాను అని.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉందని మావాడు పసిగట్టాడు. వచ్చే అతిథి మధ్య భారతంలో ఏళ్ల తరబడి తిరిగిన పరిశోధకుడట. గోండుల్ని ఎరిగినవాడట. నన్ను ఏదైనా ఒక్క మాట గోండిలో అనమంటే నా సంగతి బయటపడుతుంది. నేనెవరో బయటపడితే అసలువాడెవరన్న వెతుకులాట మొదలవుతుంది, ఆదిలాబాద్ అని చెప్పుకున్నవాడు తరగతిలో ఒక్కడే. అతను నిద్రమాని ఒక ఉపాయం పట్టుకొచ్చాడు.

"ఏమడిగినా ముందుగాల దండం చెప్పు అన్నా. మావోళ్లు ఎదురైతె ఎట్ల పల్కరిచ్చుకుంటరో గట్ల చెప్తె సాలు, ఆయినె ఖుష్ అయితడు."

"చెప్పు, ఏమనాలె?"

"రామ్ రామ్."

నేను లేచి నిలబడ్డాను. "ఇంకేం మాట లేదా?"

"ఇప్పుడు కొందరు జై సేవ అంటున్నరు. మా ఊర్ల తాతలకాంచి రామ్ రామే."

దెబ్బ తగిలినా "అయ్యో రామా" అనకుండా నాలుకని అదుపులో పెట్టుకున్నవాణ్ణి నేను. మా అమ్మ ఆ మాట ఒక్కసారి అనిపించడానికి బెల్లం ఆశ చూపించేది, అప్పుడు కూడా అనలేదు. "అది నానుంచి గాదు" అన్నాను.

"నీ నోట్లె నిప్పు పడ్తది గని రాముడు పట్టడా?" అన్నాడు. "సేఫ్టీ సారూ! దినామ్ అందరికి సేఫ్టీ చెప్తవ్. నా సేఫ్టీ సంగతేంది?"

నేను మళ్లీ మంచం మీద కూర్చున్నాను.

ఆ రోజు హాలు నిండింది. నేను మైకు ముందుకి వెళ్లాను. ప్రతి వాక్యం నిజమే చెప్పాలని నిర్ణయించుకున్నాను. "నేను ఈ నేల మీద పుట్టలేదు," అన్నాను. "నా పూర్వీకులెవరూ ఈ నేలని చూడలేదు. నాకు ఇక్కడ ఉండే హక్కు ఒక వీసా మీద ఉంది, అది నా కంపెనీ చేతిలో ఉంది. వీసా ఇచ్చిన నా కఫీల్ ఖలాస్ అంటే నేను వెళ్లిపోతాను. మీలో చాలామందిదీ ఇదే సంగతి. ఇక్కడివాడు నా పక్క కుర్చీలో ఉన్నాడు, ఆయన అనుమతితో స్వాగతం చెబుతున్నాను."

కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. మేడమ్ నా మాటల్ని కవితలా విడగొట్టి రాసుకుంటోంది. లోకల్ యువకుడు నవ్వాపుకోలేక తలగుడ్డ కొసతో నోరు మూసుకున్నాడు.

అప్పుడు అతిథి లేచాడు. తెల్ల గడ్డం, మెత్తటి మనిషి. "మీరు ఆదిలాబాద్‌కి దగ్గరివారని విన్నాను. మీవాళ్లు దారిలో ఎదురైతే ఏమని పలకరించుకుంటారో ఒకసారి అంటారా?" అన్నాడు.

వెనక వరుసలో మావాడు తల దించుకుని బూట్ల వైపు చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. గోండులు ఎదురైతే ఎలా పలకరించుకుంటారని అడిగాడు, ఎలా పలకరించుకుంటారో చెబుతున్నాను, ఇది వార్త, ప్రార్థన కాదు, అని లోపల ఒక పూర్తి వాదన నడిపి, మైకులోకి అన్నాను:

"రామ్ రామ్."

నేనూ అతనూ ఒక సంగతి మరిచిపోయాం. ఆ పలకరింపుకి జవాబు చెప్పకుండా ఉండటం దాంతో పెరిగినవాడి వల్ల కాదు. వెనక వరుసలోంచి మావాడి గొంతు, పెద్దగా, ఊరి పొలిమేరలో వినిపించినట్టు పలికింది:

"రామ్ రామ్!"

అన్ని తలలూ అటు తిరిగాయి. అతని ముఖం పాలిపోయింది. అతిథి అతన్ని చూడటానికి కళ్లజోడు సవరించుకున్నాడు. అయిపోయింది, ఇంక నెమలీకలు తెస్తారు అనుకున్నాను.

అంతలో తలుపు దగ్గర నిలబడ్డ బిహారీ సెక్యూరిటీ గార్డు, తనని పిలిచారనుకున్నాడో ఏమో, చేతులు జోడించి "రామ్ రామ్ సాబ్" అన్నాడు. ప్రొజెక్టర్ దగ్గరి రాజస్థానీ టెక్నీషియన్ వైర్లలోంచి తల ఎత్తి "రామ్ రామ్ సా" అన్నాడు. గోడ పక్కన టీ కప్పులు సర్దుతున్న ఇద్దరు ఒకే గొంతుతో అన్నారు. ఆఖరికి నా పక్క కుర్చీ లోకల్, వాళ్ల నాన్న గ్యారేజీలో రోజూ పొద్దున విన్న మాటే గనక, చెయ్యి ఎత్తి "రామ్ రామ్ భాయ్" అన్నాడు.

మేడమ్ చుట్టూ చూసింది. గార్డు, టెక్నీషియన్, టీ ఇచ్చేవాళ్లు, కందూరా మనిషి. "ఇంతమందా!" అంది, దాదాపు ఏడుస్తూ. "ఇన్నాళ్లూ మనకి కనపడనే లేదు!" అతిథి ఏదో చెప్పబోయాడు గానీ, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. అంత గుంపులో మావాడు ఒక మామూలు గొంతు అయిపోయాడు. మెల్లగా కూర్చున్నాడు.

మార్కులు వచ్చాయి. అతని నిమ్మకాయల పేపర్‌కి తరగతిలో అందరికంటే ఎక్కువ. "తనది కాని సంస్కృతిని ఒక బయటివాడు ఇంత నిశితంగా చూడటం అరుదు" అని మేడమ్ రాసింది. నేను రాసింది మూఢనమ్మకాల మీద. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. "సొంత సమాజాన్ని విమర్శించడంలో రచయితకి తగినంత దూరం లేదు" అని రాసింది. ఆ కాగితం పట్టుకుని అల్ కుసైస్ దాకా మావాడు నన్ను ఏడిపించాడు. రామ్ రామ్ గురించి కూడా. అది దేవుడి పేరుగా అనలేదు, ఒట్టి పలకరింపుగా అన్నానని బస్సులో వాదించాను. "మావోళ్లకు గూడ గంతేనన్నా" అన్నాడు. వాదనలో గెలిచానో ఓడానో ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత వచ్చిన దీపావళి ముందు అతను సెలవు మీద ఊరికి వెళ్లాడు. ఒక సాయంత్రం వీడియో కాల్ చేశాడు. ఒళ్లంతా బూడిద, నెత్తిన నెమలీకల టోపీ ఫోన్ తెరలో పట్టక పక్కలకి తెగిపోయి కనిపిస్తోంది. వెనకాల డప్పులు.

"రామ్ రామ్ అన్నా!"

"ఊఁ" అన్నాను.

"మేడం లేదు, మైకు లేదు. ఇగ అడుగు, ఏమడుగుతవో."

ఎన్ని ప్రశ్నలు దాచుకున్నానో! మొక్కు అంటే ఏమిటి, చెల్లించకపోతే ఏమవుతుంది, ఎవరు చూశారు, రుజువేది. అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఆ బూడిద చూస్తూ ఉంటే నోట్లోంచి ముందు వచ్చింది వేరే ప్రశ్న.

"ఆఖరుసారి తానం ఎప్పుడు చేసినవ్?"

"దండారి అయ్యేదాక చెయ్యద్దు" అని, అతను టోపీ పట్టుకుని వెనక్కి తిరిగి అరిచాడు. "అవ్వా! పందెం నేను గెలిచిన! సేఫ్టీ సారు ఫస్టు గదే అడిగిండు!"